దీన్ని రాయితీ అనడానికి నోరు రావడం లేదు

యాభై ఏళ్లు దాటిన వాహనాలను ‘వింటేజ్’ (పాతకాలపు) బండ్లుగా నమోదు చేసే 2021 నాటి కేంద్ర నిబంధనలు వాటి యజమానులకు వరమని మీ పత్రికలో వచ్చిన వ్యాసంలో రాశారు. మా ఇంట్లో నాన్నగారి 1968 ఫియట్ ఉంది కాబట్టి నేను అంత తేలికగా ఒప్పుకోలేను. కొత్తగా వింటేజ్ రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లయ్యాక మళ్లీ 5,000. మన హైదరాబాద్ సామెతలో చెప్పాలంటే, చారాణా కోడికి బారాణా మసాలా. పాత నంబరు ఉంచుకోనిస్తారు, అది మాత్రం మంచి పని. దసరాకు ఆ నంబరు పలకను నాన్నగారే తుడిచి బొట్టు పెట్టేవారు, ఇంకెవరినీ ముట్టనిచ్చేవారు కాదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. ప్రదర్శనకు, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకు, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప బండిని రోడ్డెక్కించకూడదు. అంటే ఆదివారం పొద్దున అమ్మను కూర్చోబెట్టుకుని ట్యాంక్‌బండ్ మీద ఒక చుట్టు తిరిగినా తప్పే. (పెట్రోలు బంకు అటువైపే ఉందని చెప్పుకోవాలేమో!) ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో పాతికేళ్లు దాటిన బండికే, పాత బండ్ల క్లబ్బు సభ్యులకిచ్చే క్లబ్బు పర్మిట్ ఇస్తారు. ఏడాదికి 45 లేదా 90 రోజులు, లాగ్‌బుక్కులో రాసుకుని నడుపుకోవచ్చు. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటితే వాహన పన్నే కట్టనక్కర్లేదు. మనవాళ్లు ఏడాదికి ముప్పై రోజులిచ్చినా చాలు, లాగ్‌బుక్కు నేను ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాను.