71 బస్తాల ఫీడ్‌బ్యాక్

నెల్లూరు దగ్గర మా ఇందుకూరుపేట వైపు ‘ఫీడు’ అనే మాటకు ఒక్కటే అర్థం ఉంది. అది రొయ్యల మేత. 25 కిలోల బస్తాలో వస్తుంది, ఎండుచేపల వాసన వేస్తుంది, ఎక్కువగా అప్పు మీదే పోతుంది. 2009లో వనామీ రొయ్యను పెంచుకోవడానికి మన దేశంలో అనుమతి వచ్చిన తరువాత పుట్టిన పిల్లలకు మా ఊళ్లలో అక్షరాల కంటే ముందు ఈ మాట వచ్చిందంటే అతిశయోక్తి కావచ్చు గాని, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు. ఇదంతా తెలిసినవాణ్ని, అందులోనూ ఆ మేతనే అమ్మే దుకాణంలో 12 ఏళ్లుగా మేనేజరు కుర్చీలో కూర్చున్నవాణ్ని, ఆ శనివారం నేను చేసిన పనికి సాకు చెప్పుకోవడం కష్టం.

మూలకారణం మా ఓనరు గారి అల్లుడు. సిబ్బంది ఎదగాలంటే వాళ్ల పని ఎలా ఉందో వాళ్లకు ఎప్పటికప్పుడు చెప్పాలని, అలా చెప్పడానికి ఒక పద్ధతి ఉంటుందని ఆయన మామగారికి నూరిపోశాడు. అంతవరకు మా దుకాణంలో ఉన్న పద్ధతి సులువైనది. పని బాగుంటే ఎవరూ ఏమీ అనరు, బాగా లేకపోతే గోడౌను దాకా వినపడేటట్లు అరుస్తారు. ఏడాదికి ఒకసారి సంక్రాంతి ముందు బోనసు కవరు చేతిలో పెడుతూ ఓనరు గారు “ఇంకా బాగా చెయ్యాలి” అంటారు. ఎవరికైనా అదే మాట. చెన్నైలో ఒకరోజు శిక్షణ ఉందని తెలిసి, రైలు టికెట్టు కొనిచ్చి నన్ను పంపించారు.

శిక్షణ బాగానే జరిగింది. ఉదయం పూట చెప్పినదంతా శ్రద్ధగా రాసుకున్నాను. ముందు ఒక పొగడ్త, నడుమ అసలు లోపం, చివర మళ్లీ ఒక పొగడ్త పెట్టి చెప్పాలట. దీనిని శాండ్‌విచ్ పద్ధతి అంటారట. ఆముదం తాగించే ముందు ఒకటి, తరువాత ఒకటి బెల్లం ముక్క చేతిలో పెట్టిన మా నాయనమ్మకు ఈ విద్య ఎవరు నేర్పారో తెలియదు. మధ్యాహ్నం భోజనంలో పెరుగన్నం పెట్టారు. ఆ తరువాత చెప్పినవేవో నా పుస్తకంలో లేవు. వాళ్లిచ్చిన ఫైలులో మాత్రం ఉన్నాయి. అయితే ఫైలు తెరిచి చూడటానికి నాకు సోమవారం దాకా తీరిక దొరకలేదు.

తిరిగి రాగానే మా సిబ్బంది వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టాను. “శనివారం ఉదయం 10 గంటలకు ఆఫీసులో ఫీడ్ బ్యాక్. ఎవరిది వారికి విడివిడిగా చూస్తాము. మొహమాటం లేకుండా అందరూ రావలెను.” భాషలో తప్పు లేదు. తప్పల్లా గ్రూపులో ఉంది. సిబ్బంది గ్రూపుకూ రైతుల గ్రూపుకూ మేము పెట్టుకున్న బొమ్మ ఒకటే, మీసాలున్న రొయ్య. నా వేలు ఏ రొయ్య మీద పడిందో నేను చూసుకోలేదు. సిబ్బందికి ఎలాగూ నోటిమాటగా కూడా చెప్పి ఉండటం వల్ల, వాళ్లలో ఎవరూ సందేశం రాలేదని అడగలేదు.

శనివారం 10 గంటలకు మొదట గుమాస్తా గారిని అద్దాల గదిలోకి పిలిచాను. ఆయన నాకంటే 15 ఏళ్లు పెద్ద. ఆయన రాసే ఒకటికి పైన చిన్న కొక్కెం ఉంటుంది, ఏడుకు కూడా అదే కొక్కెం ఉంటుంది, రెండింటికీ తేడా ఆయనకూ దేవుడికీ మాత్రమే తెలుస్తుంది. పోయిన నెల ఒక రైతు ఖాతాలో 11 బస్తాలు 17గా మారి, ఆ రైతు దుకాణం ముందు బైఠాయించినంత పని చేశాడు. ఈ సంగతి చెప్పాలి. బెల్లంతో మొదలుపెట్టాను.

“గుమాస్తా గారూ, మీ దస్తూరి చూస్తే కళ్లకద్దుకోవాలనిపిస్తుంది” అన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకట్లు, ఏడుల సంగతి ఎవరినీ నొప్పించని విధంగా, అసలు ఎవరికీ అర్థం కాని విధంగా నడుమ ఒక వాక్యంలో చెప్పి, “మీలాంటి నమ్మకస్థులు ఈ జిల్లాలో దొరకరు” అని ముగించాను. ఆయన కాసేపు మౌనంగా ఉండి, “ఇన్నేళ్లకు గుర్తించారు సార్, జీతం సంగతి ఓనరు గారితో మీరే మాట్లాడితే బాగుంటుంది” అన్నారు. రెండు బెల్లం ముక్కలూ చేరవలసిన చోటికి చేరాయి గాని, నడుమ ఆముదం ఎక్కడ ఒలికిపోయిందో నాకు అంతుపట్టలేదు.

ఈ జీతం దెబ్బకు జడిసి, రెండోవాడి దగ్గర బెల్లం పూర్తిగా మానేశాను. రెండోవాడు చెరువుల మీద తిరిగే కుర్రవాడు. వాడి పని చెక్ ట్రేలు చూసి రావడం. చెక్ ట్రే అంటే వల బిగించిన పళ్లెం. అందులో కాస్త మేత పోసి చెరువులో దించుతారు. గంటన్నర, రెండు గంటల తరువాత పైకి లాగి ఎంత మిగిలిందో చూస్తారు. మిగిలితే తరువాతి పూట మేత తగ్గించాలి, లేకపోతే ఆ మేత అడుగున కుళ్లి అమ్మోనియా పుట్టి నీళ్లు పాడవుతాయి. మావాడు తెచ్చే చీటీలన్నింటిలో మిగులు సున్నా. అన్ని సున్నాలూ ఒకే కలంతో, ఒకే కూర్చోవడంలో, బహుశా ఒకే టీ బంకు దగ్గర పుట్టాయని చూడగానే తెలుస్తుంది.

“నీకు బాధ్యత లేదు. నీకు పనంటే లెక్క లేదు. నువ్వు ఎప్పటికీ బాగుపడవు” అన్నాను. వాడు నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. వాడి చెవులు తప్ప ఇంకేదీ పనిచేస్తున్నట్లు లేదు, ఆ చెవులు కూడా ఎర్రబడటానికే పనికివచ్చాయి. సరిగ్గా అప్పుడు బయట ట్రాక్టరు హారను మోగింది.

అద్దంలోంచి చూస్తే వీధి పొడవునా ట్రాక్టర్లు, ఆటోలు, ముందు కాళ్ల దగ్గర బస్తా పెట్టుకున్న స్కూటర్లు. ఆ వారం రొయ్య ధర పడిపోయి చాలామంది తొందరగా పట్టుబడి చేసేశారు, అంటే రొయ్యలు పట్టి అమ్మేశారు. మిగిలిపోయిన మేత ఇళ్లలో ఉంది. మిగిలిన బస్తాలు వెనక్కి తీసుకొమ్మని వాళ్లు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. ఇన్నాళ్లకు మేనేజరు మనసు కరిగి, మొహమాటం లేకుండా ఫీడు బ్యాక్ తెమ్మన్నాడు. నేను మెట్లు దిగేసరికి మా హమాలీల మేస్త్రి సగం బస్తాలు గోడౌనులోకి దింపించేశాడు, గుమాస్తా గారు సరుకు వాపసు పుస్తకం తెరిచి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంటున్నారు.

“మెసేజి పెట్టింది నువ్వేనా, కాదా?” అని ఒకాయన ఫోను నా ముఖం ముందు పెట్టాడు.

“నేనే గాని, అది ఈ ఫీడు కాదన్నా, వేరే ఫీడ్‌బ్యాక్.”

“వేరే కంపెనీదా?”

దీనికి సమాధానం శిక్షణలో చెప్పలేదు. ఈలోగా మేస్త్రి ఒక తెరిచిన బస్తాలో చెయ్యి పెట్టి పిడికెడు ఊక తీశాడు. పైన మేత, కింద ఊక. తెచ్చినాయన ఆ ఊకను తాను కూడా మొదటిసారి చూస్తున్నట్లు చూశాడు. ఓనరు గారికి ఫోను చేస్తే ఒక్క బస్తా కూడా దించవద్దన్నారు; దించిన సంగతి నేను చెప్పలేదు. మళ్లీ అన్నీ ఎక్కించి, ఆటోల బాడుగ మేమే ఇచ్చి, అందరికీ టీలు పోయించేసరికి మూడయింది.

టీ తాగుతూ మైపాడు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, “ఇంతకీ ఆ ఫీడ్‌బ్యాక్ ఏందబ్బయ్యా?” అని అడిగారు. పని ఎలా ఉందో చేసేవాడికి చెప్పడమని వివరించాను. “దానికి అద్దాల గది దేనికి?” అంటూ నా చేతిలోని చీటీలు తీసుకొని చూశారు. కుర్రవాణ్ని దగ్గరికి పిలిచారు. “ఇది మా చెరువే గదా. అమావాస్య నాడు కూడా మిగులు సున్నా అని రాశావు. ఆ రోజు రొయ్యలు పెంకు వదల్తా మేత ముట్టనే లేదు, నేనే ట్రే లాగి చూశా. సాయంత్రం రా నాయనా, ఇద్దరం లాగి చూద్దాం.” అంతే అన్నారు. బాధ్యత గురించి గాని, బాగుపడటం గురించి గాని ఒక్క మాట కూడా లేదు.

సోమవారం నా బల్ల మీదికి వచ్చిన చీటీకి బురద అంటి ఉంది. ‘తూర్పు ట్రే, పావు మిగులు. పడమర ట్రే, సున్నా. తూర్పున ఏరేటరు ఆగి ఉంది’ అని రాసి ఉంది. నీళ్లలో గాలి కలిపే ఆ యంత్రం గురించి నేను అడగలేదు, అయినా రాశాడు.

అప్పుడు ఫైలు తెరిచాను. అవ్రహాం క్లూగర్, ఆంజెలో డెనిసి అనే ఇద్దరు 1996లో పాత పరిశోధనల నుంచి 607 ఫలితాలను పోగు చేసి చూస్తే, ఫీడ్‌బ్యాక్ వల్ల సగటున పని మెరుగుపడినా, మూడింట ఒక వంతు కంటే ఎక్కువ సందర్భాలలో పని మునుపటి కంటే తగ్గిందట. మాట పని మీద నుంచి జరిగి మనిషి మీద పడినకొద్దీ ఫలితం తగ్గుతుందని వాళ్ల వివరణ. అమెరికాలోని సెంటర్ ఫర్ క్రియేటివ్ లీడర్‌షిప్ తయారు చేసిన మరో పద్ధతి మూడో పుటలో ఉంది: ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పాలి, కళ్లకు కనబడిన పనేమిటో చెప్పాలి, దాని వల్ల ఏమైందో చెప్పాలి. పెరుగన్నం ఎంత నష్టం చేసిందో అప్పుడు తెలిసింది.

ఆ పుట మీద వేలు పెట్టుకొని ఉండగానే మేస్త్రి లోపలికి వచ్చాడు. “శనివారం పొద్దున సార్, మీరు ఫోనులో పెట్టిన మెసేజి చూసుకొని జనం వచ్చారు. 71 బస్తాలు దించి, మళ్లీ 71 ఎక్కించాం. రాత్రి నుంచి నా నడుం పట్టేసింది” అన్నాడు. సందర్భం, పని, ఫలితం, వరస తప్పలేదు. చెన్నై వెళ్లకుండానే చెప్పాడు. కూలి అదనంగా ఇప్పించి, రెండు గ్రూపుల బొమ్మలూ అప్పటికప్పుడు మార్చాను.

కింది వాడు పైవాడికి చెప్పే ఫీడ్‌బ్యాక్‌కు ఇంత త్వరగా ఫలితం దొరకడం అరుదు. ధృతరాష్ట్రుడికి విదురుడు తెల్లవార్లూ చెప్పినా ఏమీ కాలేదు. అది భారతంలో ఉద్యోగపర్వంలోనే ఉండటం, దానిని తెలుగు చేసిన తిక్కన గారు మా నెల్లూరివారే కావడం ఉద్యోగస్థులందరూ గమనించవలసిన విషయం.

సాయంత్రం ఓనరు గారు అల్లుణ్ని వెంటబెట్టుకొని వచ్చారు. నా మాట వినకుండా నేరుగా సరుకు వాపసు పుస్తకం తెప్పించుకొని చదివారు. వచ్చినవి 71, పోయినవి 77.

“ఆ ఆరు బస్తాలు ఎవరి అబ్బ సొమ్మని పంపించారు?” అని గోడౌను దాకా వినపడేటట్లు అడిగారు.

గుమాస్తా గారు కళ్లజోడు తీసి, తుడుచుకొని, నా వైపు ఎంతో నొచ్చుకొని చూశారు.

“నా దస్తూరి కళ్లకద్దుకోవాలనిపిస్తుందని మొన్ననే గదా సార్ అన్నారు?”