కంపెనీ పహాణీలో అనుభవదారు ఎవరు?

కంపెనీల అసలు యజమానులెవరో ప్రభుత్వానికి చెప్పి తీరాలని కొందరు పట్టుబడుతున్నారు. నల్లగొండ జిల్లావాసిగా ఈ డిమాండును తీవ్రంగా ఖండిస్తున్నాను. సంపన్నుడి సిగ్గును కాపాడటం నాగరిక సమాజపు కనీస ధర్మం. తన ఆస్తి ఊసెత్తితేనే ముడుచుకుపోయే మనిషిని రిజిస్టరులోకి ఈడ్చుకొచ్చి, నీ వాటా ఎంత, నీకు ముట్టేదెంత అని నిలదీయడం ఏ విధంగానూ మర్యాద అనిపించుకోదు.

ఈ విషయంలో మాట్లాడే అర్హత మా జిల్లాకున్నంతగా మరెవరికీ లేదని సవినయంగా మనవి చేస్తున్నాను. 1973లో భూపరిమితి చట్టం వచ్చినప్పుడు మా పల్లెల్లో గొడ్లు కాసే జీతగాడు రాత్రికి రాత్రి కాగితం మీద పదెకరాల ఆసామి అయ్యాడు. తెల్లవారి మళ్లీ అదే సద్దిమూట చంకన పెట్టుకుని, తనదే అయిన పొలంలో, దొర ఎడ్ల వెంట నడిచాడు. ఆ సంగతి అతనికి చెప్పాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదు. అయితే పాతకాలపు పహాణీ, అంటే ఊరి భూముల లెక్కపత్రం, రాసినవాళ్లకు లోకజ్ఞానం ఉండేది. పట్టాదారుకు ఒక కాలమ్, అనుభవదారుకు మరొక కాలమ్ పెట్టి, కాగితం ఎవరిదో, గింజలు ఎవరి గాదెలో పడుతున్నాయో విడివిడిగా అడిగేవారు. కంపెనీల నిజమైన యజమానిని ఏమని పిలవాలా అని ఢిల్లీలో చట్టం రాసిన పెద్దలు నోరు తిరగని మాటలు వెతికారు గానీ, మా పట్వారీని అడిగితే ‘అనుభవదారు’ అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు.

2020లో ధరణి అనే భూరికార్డుల పోర్టల్ వచ్చాక ఆ కాలమ్ మాయమైంది. కౌలుకు దున్నేవాడి పేరు ఆ రికార్డులో కనపడకుండా పోయింది. పోయిన కాలమ్ ఎక్కడ తేలిందా అని చూస్తే, 2013 నాటి కంపెనీల చట్టం 90వ సెక్షన్‌లో దాని పెద్దన్న ముందునుంచే కూర్చుని ఉన్నాడు. వేరేవారి పేరుమీదుగానో, మరో కంపెనీ చాటునుంచో 10 శాతం లేదా అంతకుమించి వాటా అనుభవించే మనిషి తానే ముందుకొచ్చి ఆ సంగతి కంపెనీకి చెప్పాలి. విన్న కంపెనీ 30 రోజుల్లో కంపెనీల రిజిస్ట్రారుకు చెప్పాలి. చిన్న వ్యాపారులకు ఇది భారమని వాదించేవారి మాటనూ నేను బలపరిచేవాణ్ణే గానీ, ఒక చిక్కుంది: తన వాటాలన్నీ తన పేరునే పెట్టుకున్న అమాయకుడికి ఈ ఫారం నింపే పనే లేదు. చాటున ఉన్నవాడికి మాత్రమే ఈ భారం. అందుకే నా సానుభూతి అంతా అటువైపే.

చట్టానికి కూడా జాలి గుండె ఉందనడానికి ఒక లెక్క చెబుతాను. మిల్లు పెట్టిన కంపెనీలో సగం వాటా ఇంకో కంపెనీ చేతిలో ఉందనుకోండి. ఆ రెండో కంపెనీలో సగానికి మించి వాటా ఉన్నవాడినే నిబంధనలు వెనకనున్న యజమానిగా లెక్కిస్తాయి. అక్కడ బావా బామ్మర్దీ సరిగ్గా చెరిసగం పంచుకున్నారంటే ఎవరికీ సగానికి మించి లేదు కనుక, వాటాల లెక్కలో ఇద్దరూ కనపడరు. పెత్తనం ఎవరిదో చూడమని మరో నిబంధన ఉన్నమాట నిజమే. పెత్తనం నాదేనని రాతపూర్వకంగా ఒప్పుకునే బామ్మర్ది మాత్రం నాకింకా తారసపడలేదు. ఇద్దరు కలిసి నడిపిస్తే ఇద్దరి వాటాలనూ కలిపి లెక్కించాలని కూడా ఉంది. కలిసి నడిపిస్తున్నామని చెప్పాల్సింది మళ్లీ ఆ ఇద్దరే.

ఇంతటి సౌకుమార్యం అందరికీ దక్కేది కాదు. మనిషికి 6 కిలోల సన్నబియ్యం తీసుకోవడానికి, పత్తి ఏరి ఏరి వేలిగీతలు అరిగిపోయిన అవ్వ రేషన్ షాపు మిషన్ మీద బొటనవేలు, చూపుడువేలు, మళ్లీ బొటనవేలు పెట్టి, చీర కొంగుతో తుడిచి మళ్లీ పెట్టి, తాను తానేనని రుజువు చేసుకోవాలి. ఆమె గోప్యత గురించి ఏ కోర్టూ కలత చెందినట్టు నేను వినలేదు. యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం మాత్రం కంపెనీ యజమానుల వివరాలు జనమందరికీ తెరిచి ఉంచడం వారి వ్యక్తిగత జీవితంలో జోక్యమేనని 2022లో తేల్చింది. అమెరికా అసలు యజమానుల పేర్లు చెప్పాలని 2021లో చట్టం చేసి, 2024 జనవరి నుంచి అమలు మొదలుపెట్టి, 2025 మార్చి వచ్చేసరికి తన దేశంలో పుట్టిన కంపెనీలన్నింటినీ దానినుంచి మినహాయించింది. భూపరిమితి నాటి మా దొరలు చూసి ఉంటే, ఇంత ఆలస్యమెందుకని అడిగేవారు.

మా వీధిలో ఒక కారు డ్రైవరు ఉన్నాడు. మూడు కంపెనీలకు డైరెక్టరు. ఒక ఊరి చెరువులోకి ఫ్యాక్టరీ నీళ్లు వదిలి చేపలు తేలితే, ఊరివాళ్లు వాకబు చేసుకుంటూ వచ్చి ఇతని రేకుల ఇంటి ముందు నిలబడి, ఇది కాదేమోననుకుని వెళ్లిపోయారు. మొన్న గడియారం సెంటర్‌లో టీ తాగుతూ నన్నే అడిగాడు.

“అన్నా, డైరెక్టర్ అంటే ఏం చేయాలె?”

“ఇప్పటిదాంక ఏం చేసినవ్?”

“ఫోన్‌కు ఓటీపీ వస్తది. ఎనక సీట్ల నుంచి సారు అడుగుతడు. సూసి చెప్తా. గంతే.”

బినామీ చట్టం గురించి చెప్పాను. 1988 నాటి ఆ చట్టాన్ని 2016లో సవరించాక, ఏడేళ్ల దాకా జైలు, ఆస్తి విలువలో 25 శాతం దాకా జరిమానా పడవచ్చు. పేరిచ్చినవాడికీ, వెనకనున్నవాడికీ తేడా లేదు. లాభంలో దక్కని సమాన వాటా అక్కడైనా దక్కుతున్నందుకు అతను సంతోషిస్తాడనుకున్నాను. టీ గ్లాసు కింద పెట్టేశాడు.

ఓదార్పుగా అతని అధికారాలను వివరించాను. అసలు యజమాని తనంతట తాను బయటపడకపోతే, కంపెనీయే అతనికి నోటీసు ఇచ్చి, మహానుభావా, నా యజమానివి నువ్వేనా అని అడగాలి. జవాబుకు 30 రోజులు గడువు. రాకపోతే ఆ తర్వాత 15 రోజుల్లో కంపెనీయే కంపెనీల తగాదాలు చూసే ట్రిబ్యునల్‌కు వెళ్లి, ఆ వాటాల మీద ఆంక్షలు పెట్టమని కోరాలి. కంపెనీ తరఫున సంతకం డైరెక్టరుది, అంటే ఇతనిదే.

చాలాసేపు ఆలోచించాడు.

“ట్రిబ్యునల్ యాడుంటదన్నా?”

“హైదరాబాద్‌ల.”

“ఐతె ఏం ఫికరు లేదు. సారు బండిలనే పోత. డీజిల్ పైసలు సారే ఇస్తడు.”