లెక్కకు రాని కోతి మలేరియా

2018 నుంచి మలేసియాలో స్థానికంగా సోకిన మనుషుల మలేరియా కేసు ఒక్కటీ లేదు. అదే మలేసియాలో ఏటా వేల మంది మలేరియా బారిన పడుతున్నారు. రెండు మాటలూ నిజమే. కిటుకంతా ‘మనుషుల’ అన్న విశేషణంలో ఉంది. ఈ వేల మందికి వస్తున్నది కోతుల మలేరియా. దాని కారకం ప్లాస్మోడియం నోలెసి అనే పరాన్నజీవి.

ఇది నిన్నమొన్న పుట్టింది కాదు. కోతి రక్తం నుంచి మనిషికి ఎక్కిస్తే సోకుతుందని 1932లోనే కలకత్తాలో నోల్స్, దాస్‌గుప్తా అనే పరిశోధకులు చూపించారు. 1965లో మలయా అడవికి వెళ్లిన ఒక అమెరికన్‌కు సహజంగానే సోకితే, అదేదో వింత అనుకుని వదిలేశారు. 2004లో గాని అసలు సంగతి బయటపడలేదు. మలేసియా రాష్ట్రమైన సరవాక్‌లోని కపిట్ ప్రాంతంలో పరిశోధకుడు బల్బీర్ సింగ్ బృందం 208 మంది మలేరియా రోగుల రక్తానికి జన్యు పరీక్ష చేస్తే 120 మందిలో నోలెసి తేలింది. అంతకుముందు సూక్ష్మదర్శిని కింద వీటిని చూసినవారు ‘ప్లాస్మోడియం మలేరియే’ అనే సాధుజాతి పరాన్నజీవిగా రాసుకున్నారు.

వారిని తప్పుపట్టలేం. ముదిరిన దశలో రెండు జాతులూ ఎర్ర రక్తకణానికి అడ్డంగా పట్టీ కట్టినట్టు సాగుతాయి. స్లైడు మీద తేడా చెప్పడం కష్టం. కానీ మలేరియే 72 గంటలకోసారి కొత్త తరాన్ని వదులుతుంది, నోలెసి 24 గంటలకే. నెమ్మదైన జబ్బని పొరబడితే రోగి ప్రాణం మీదికి వస్తుంది.

జన్యువులు మరో సంగతీ చెప్పాయి. సరవాక్‌లో ఒక్కో కోతిలో పలు రకాల నోలెసి కలిసి ఉంటుంది. మనిషిలో సాధారణంగా ఒకటో రెండో రకాలు. పైగా రెండింటిలోనూ అవే రకాలు కనిపిస్తాయి. మనిషి నుంచి మనిషికి పాకడమే ప్రధానమైతే మనలో వేరే వంశం ఏర్పడి ఉండాలి. ఊట కోతిలోనే ఉంది, మన దాకా వస్తున్నది చిన్న పాయ మాత్రమే. పొడవుతోక కోతులది ఒక వంశం, పందితోక కోతులది మరొకటి, ద్వీపకల్ప మలేసియాది మూడోది. ఒకే పేరు కింద ఇన్ని కుటుంబాలు!

ఇవి కలిసేది దోమ కడుపులో. పరాన్నజీవి ఆడ, మగ కణాల కలయిక అక్కడే జరుగుతుంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో చూసిన గుండ్రటి కణాలు ఆ కలయిక తర్వాతి దశే. ఒకే దోమ రెండు రకాల పరాన్నజీవులను పీల్చుకుంటే వాటి సంతానంలో జన్యువులు కొత్తగా పంచుకుంటాయి. నోలెసి వంశాల మధ్య అలాంటి మార్పిడి ఆనవాళ్లు దొరికాయి కూడా.

ఊట కోతిలో ఉంది కాబట్టి రోగులకు మందిచ్చి, మంచాలకు దోమతెరలు కట్టి దీన్ని ఆపగలమన్న ధీమా నాకు లేదు. కుట్టే దోమ అడవి అంచున, తోటలో పనిచేసే మనిషి దగ్గరికి వస్తోంది. మలేసియాలోని మరో రాష్ట్రం సబాలో ఊళ్ల చుట్టూ అడవి నరికిన చోట కేసులు ఎక్కువగా ఉన్నట్టు తేలింది. నన్నడిగితే ‘సున్నా కేసులు’ అనే లెక్క, కోతినీ దోమనీ పక్కనబెట్టి గీసిన గీత.

ఇది పరాయి గొడవ కాదు. అండమాన్ నికోబార్ దీవుల్లో మనుషుల రక్తంలో నోలెసి ఆనవాళ్లు దొరికాయని 2013లోనే ప్రచురితమైంది. పోర్ట్‌బ్లెయిర్‌లో (ఇప్పటి శ్రీవిజయపురం) తరాలుగా స్థిరపడిన తెలుగువారూ ఉన్నారు. పొడవుతోక కోతులున్న గ్రేట్ నికోబార్‌లో ఓడరేవు, విమానాశ్రయం, పట్టణం కోసం సుమారు 130 చదరపు కిలోమీటర్ల అడవిని మళ్లించనున్నారు. వేల మంది కూలీలు ఆ అంచున గుడిసెలు వేసుకోకముందే అక్కడి కోతుల రక్తాన్నీ, దోమల కడుపునూ పరీక్షించి ఫలితాలు బయటపెట్టాలి. కూలీలకు జ్వరం వచ్చాక స్లైడు చూసి ‘మలేరియే’ అని రాసుకుంటే కపిట్ కథే మళ్లీ మొదలవుతుంది.