జేబుదొంగల ఆటకి సమురాయ్ ఆత్మ

జపాన్ వాళ్లకి బేస్‌బాల్ అంటే ఎందుకంత పిచ్చి అని ఎవరినైనా అడిగి చూడండి. ప్రొఫెసరైనా సరే, ఆఫీసు పని మీద టోక్యోలో రెండు వారాలు ఉండి వచ్చినవాడైనా సరే, ముందు కళ్లు సగం మూస్తాడు, కాస్త ఆగుతాడు, ఆ తర్వాత గొంతు తగ్గించి "బుషిడో" అంటాడు. అంటే సమురాయ్‌ల ధర్మం. బంతి విసిరేవాడూ బ్యాట్ పట్టినవాడూ ఎదురెదురుగా నిలబడి కళ్లలో కళ్లు పెట్టి చూసుకోవడం కత్తియుద్ధం లాంటిదట, ఆ క్షణాన జాతి ఆత్మంతా వచ్చి వాళ్లిద్దరి మధ్య ఉన్న అరవై అడుగుల్లో నిలబడుతుందట.

నేనూ చాలాకాలం నమ్మాను, వినడానికి బాగుంటుంది మరి. చిక్కల్లా ఇనాజో నిటోబే గారితో వచ్చింది. బుషిడో గురించి ఇంగ్లీషులో పుస్తకం రాసి, ఆ మాటని ప్రపంచం నోట పలికించిన పెద్దమనిషి ఈయనే, తర్వాత 5000 యెన్ నోటు మీద ఆయన బొమ్మ కూడా వేశారు. సమురాయ్ ధర్మం విషయంలో ఈయన్ని మించిన పీఠాధిపతి దొరకడు. అలాంటి మనిషి 1911లో బేస్‌బాల్ గురించి ఏమన్నాడయ్యా అంటే, అది జేబుదొంగల ఆట అన్నాడు. ఎదుటివాణ్ణి ఏమార్చడం, కన్నుగప్పి బేస్ (పరుగులో మజిలీ) కొట్టేయడం, అస్తమానం ఎవడెక్కడ ఏమరుపాటుగా ఉన్నాడా అని నక్కి చూడటం, ఇదీ ఒక ఆటేనా అని.

ఆయన ఒక్కడే కాదు. ఆ ఏడాది అసాహి పత్రిక బేస్‌బాల్ వల్ల కలిగే చేటు మీద వారాల తరబడి వరసగా కథనాలు వేసింది. అందులో ఒక స్కూలు పెద్దాయన, గట్టిగా వచ్చే బంతిని అరచేత్తో పట్టుకుంటే ఆ అదురు చేతిలోంచి మెదడుకి పాకి బుర్ర మొద్దుబారుతుందని సెలవిచ్చాడు. చదువు పోతుందనీ, కుర్రాళ్లు చెడిపోతారనీ ఇంకా బోలెడు. మొబైల్ ఫోన్ గురించి మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మాటలన్నీ అప్పుడే పాపం ఆ బంతి పడింది.

సరే, పత్రిక అన్నాక ఒక అభిప్రాయం ఉంటుంది, తప్పు లేదు. నాలుగేళ్లు తిరిగాయి. 1915 ఆగస్టులో దేశంలోని స్కూలు జట్లన్నిటికీ కలిపి బేస్‌బాల్ పోటీ పెట్టారు. పెట్టింది ఎవరనుకున్నారు? అసాహి పత్రికే. ఆ చేటు టోక్యో అసాహిలో అచ్చయింది, ఈ పోటీ ఒసాకా అసాహి పెట్టింది, కాబట్టి రెండూ వేరువేరు అని ఎవరైనా లాయరు వాదించవచ్చు గానీ, సంస్థ ఒకటే, ఓనర్లూ వాళ్లే. ఆ ఓనర్లలో ఒకరైన మురయామా గారు పెళ్లికి కట్టుకునే లాంటి సంప్రదాయ దుస్తుల్లో మైదానంలోకి దిగి స్వహస్తాలతో మొదటి బంతి విసిరాడు, ఆ ఫొటో ఇప్పటికీ ఉంది. బంతి అదురు ఆయన మెదడుకి పాకిందో లేదో పత్రికలో రాలేదు.

ఈ నాలుగేళ్లలో జాతి ఆత్మకి ఏమైందని నేను దీర్ఘంగా ఆలోచించాను. ఆలోచిస్తే తేలిందేమిటంటే, సంగతి ఆత్మలో లేదు, రైల్లో ఉంది.

ఒసాకా దగ్గర ఇచిజో కొబయాషి అని ఒక రైలు వ్యాపారి. 1910లో ఆయన కంపెనీ లైను మొదలైంది. ఈ చివర ఊరుంది, ఆ చివర కొండలూ వేడినీటి ఊటలూ ఉన్నాయి. మధ్యలో పొలాలు. పొలాలు టికెట్టు కొనవు కదా. అందుకని ఆయన లైను పక్కన ఇళ్లు కట్టి వాయిదాల మీద అమ్మాడు, ఆ చివర అమ్మాయిల నాటక బృందాన్ని పెట్టాడు, మధ్యలో తొయొనకలో ఒక మైదానం వేశాడు. 1915 పోటీ జరిగింది అక్కడే. జనం విరగబడ్డారు, మైదానం చాల్లేదు. పక్క లైను హన్షిన్ రైలు కంపెనీవాళ్లు ఊరుకుంటారా? మాకు పెద్ద స్థలం ఉందండీ అని 1917లో ఆ పోటీని తమ వైపు లాక్కున్నారు. అదీ చాలకపోతే 1924లో ఏకంగా స్టేడియమే కట్టేశారు. ఆ ఏడాది అరవయ్యేళ్ల చక్రంలో మొదటిది, మన ప్రభవ లాగన్నమాట, దాని పేరు కోషి. అదే కలిపి కోషియెన్ అని పెట్టారు. ఈ రోజున ఆ పేరు చెబితే జపాన్‌లో గుండె చిక్కబట్టుకోని వాడుండడు. స్టేడియానికి ఎలా వెళ్లాలంటారా, హన్షిన్ రైలెక్కి వెళ్లాలి.

పత్రికకి ఆగస్టులో వార్తలుండవు, రైలుకి ఆగస్టులో ప్యాసింజర్లు కావాలి. ఇద్దరి ఆత్మలూ అక్కడ కలిశాయి.

మొదట్లో నిజమైన రోషం లేదని నేననను. ఆటని 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ మాస్టారు టోక్యోలో పిల్లలకి నేర్పాడు. కొన్నేళ్లకి ఇచికో అనే పెద్ద కాలేజీ కుర్రాళ్లు, యొకహామాలో తెల్లదొరల క్లబ్బుని మాతో ఆడండి అని అడుగుతూ వచ్చారు, దొరలు కాదు పొమ్మంటూ వచ్చారు. అవి తెల్లవాడు తప్పు చేసినా జపాన్ కోర్టు ఏమీ చేయలేని రోజులు. చివరికి 1896 మే నెలలో ఒప్పుకున్నారు, స్కోరు 29-4. ఇరవై తొమ్మిది కుర్రాళ్లవి. ఆ క్లబ్బు పుట్టింది క్రికెట్ క్లబ్బుగా అన్న సంగతి మాత్రం నాకు కాస్త కష్టంగా ఉంటుంది, అక్కడ కూడా మన ఆటే పక్కకి జరిగింది.

ఆ 29-4 తర్వాతే ఆత్మ, ధర్మం, తపస్సు అన్న మాటలు జోరందుకున్నాయని నా లెక్క. గెలిచాక ఎవడికైనా తత్వం వస్తుంది. వసేదా యూనివర్సిటీ కోచ్ తొబిత గారి హయాం నుంచి ప్రాక్టీసంటే ఒళ్లు హూనం చేసుకోవడమే, నేల మీద పడేదాకా ఒకడికే వెయ్యి బంతులు కొట్టి పట్టించడం. 1998 కోషియెన్‌లో మత్సుజకా అనే స్కూలు పిల్లవాడు ఒక్క మ్యాచిలో 17 ఇన్నింగ్స్ వేసి 250 బంతులు విసిరాడు. అమెరికాలో ప్రొఫెషనల్ బౌలరైనా వంద దగ్గరికి వచ్చేసరికి కోచ్‌కి టెన్షన్ మొదలవుతుంది. ఇక్కడ మాత్రం దేశం మొత్తం టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంది.

బేస్‌బాల్లో అసలు సిసలు కత్తి దూసిన సందర్భం కూడా ఒకటుంది. 1934లో యొమియురి పత్రిక యజమాని షోరికి, బేబ్ రూత్‌తో సహా అమెరికా హేమాహేమీల్ని పిలిపించి దేశమంతా ఆడించాడు. సవమురా అనే 17 ఏళ్ల కుర్రాడు వాళ్లలో నలుగురిని వరసగా అవుట్ చేసి ఒక్క రాత్రిలో దేవుడైపోయాడు, మ్యాచి 1-0తో ఓడిపోయినా సరే. పత్రిక అమ్ముడుపోయింది, ప్రొఫెషనల్ జట్టూ పుట్టింది. మరుసటి ఏడాది ఒక దేశభక్తుడు కత్తి పట్టుకొచ్చి షోరికి మీద పడ్డాడు, మెయిజీ చక్రవర్తి పేరున్న మైదానంలో విదేశీయుల్ని ఆడించావు గదరా అని. బుషిడోకీ బేస్‌బాల్‌కీ సూటిగా ముఖాముఖి జరిగింది అక్కడే. షోరికి బతికాడు, ఆటా బతికింది.

ఆ పైన వచ్చిన జట్ల పేర్లు చూడండి. మన దగ్గర కంపెనీలకి కాస్త మొహమాటం, ఊరి పేరు ముందు పెట్టుకుంటారు, మహా అయితే హైదరాబాద్ జట్టులో 'సన్' లాగా ఓ మూల దాక్కుంటారు. జపాన్లో ఆ మొహమాటాలేం లేవు. యకుల్ట్ స్వాలోస్ (వానకోయిలలు) అంటే ఆ పాల సీసాలవాళ్ల జట్టు. లొట్టే మెరీన్స్ అంటే చ్యూయింగ్ గమ్ వాళ్లది, మన కాఫీ బైట్ కూడా ఇప్పుడు వాళ్లదే. ఇక నిప్పన్ హామ్ ఫైటర్స్. మాంసం కంపెనీ నిప్పన్ హామ్, జట్టు పేరు ఫైటర్స్, కానీ కొత్తవాడికి ఎవరో పంది తొడతో కుస్తీ పడుతున్నట్టు వినిపిస్తుంది. బేస్‌బాల్ స్టార్ ఒహ్తానీ అంతటివాడు అమెరికా వెళ్లే ముందు ఆడింది ఈ జట్టుకే. వానకోయిలా పాలసీసా పంది తొడా కలిసి జాతి ఆత్మని మోస్తున్నాయి, మోయనివ్వండి.

బుషిడో వాదులకి ఒక్కటి మాత్రం వదిలేస్తాను, సదహరు ఓ అనే బ్యాటర్‌ని. ఆయన గురువు ఇంటికప్పుకి కాగితం వేలాడదీసి నిజం కత్తితో నరికించేవాడు, స్వింగ్ కుదరడానికి. 868 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు. ఆయన తండ్రి చైనా నుంచి వచ్చినవాడు కావడం వల్ల ఆయనకి జపాన్ పాస్‌పోర్టు లేదన్నది వేరే సంగతి, జాతి ఆత్మ పాస్‌పోర్టు అడగదేమో.

కోషియెన్‌లో ఓడిన పిల్లలు ఏం చేస్తారో చూశారా? గుండు కొట్టించుకున్న పదిహేడేళ్ల పిల్లలు మోకాళ్ల మీద పడి, రెండు చేతులతో ఆ నల్లమట్టి తోడి బూట్ల సంచిలో పోసుకుంటారు. కన్నీళ్లు కారుతుంటాయి, తుడుచుకోవడానికి చేతులకేమో మట్టి. వాళ్ల మొహాల కింద కెమెరాలవాళ్లు బోర్లా పడుకుని ఫొటోలు తీస్తుంటారు, ఆగస్టు కదా మరి.

1958లో ఒకినావా నుంచి షురి హైస్కూలు పిల్లలు వచ్చారు, ఆ దీవి నుంచి కోషియెన్‌కి వచ్చిన మొదటి జట్టు. ఓడారు, మట్టి తీసుకున్నారు, ఓడెక్కి ఇంటికెళ్లారు. అప్పటికి ఒకినావా అమెరికా చేతిలో ఉంది. రేవులో అధికారులు ఇది విదేశీ మట్టి, మొక్కల తెగుళ్లు వస్తాయి, క్వారంటైన్ రూలు అని చెప్పి సంచులు సముద్రంలో కుమ్మరించారు. ఆ సంగతి తెలిసి ఒక ఎయిర్ హోస్టెస్ కోషియెన్ నుంచి గులకరాళ్లు ఏరించి పంపింది, రూలు మట్టికే గాని రాళ్లకి లేదని. ఆ రాళ్లు ఇప్పటికీ ఆ స్కూల్లో ఒక స్మారకంలో పొదిగి ఉన్నాయి. ఇందులో రైలు కంపెనీకి ఎంత ముట్టిందా అని నేను నాలుగుసార్లు లెక్కేశాను, ఒక్క యెన్ కూడా తేలలేదు.