చెప్పులు బయట విడిచి హార్డ్ రాక్ వినవలెను

గత ఆదివారం నేనొక శ్రవణ మహోత్సవానికి హాజరయ్యాను. సత్యనారాయణ వ్రతం కాదు గానీ, నియమాల్లో దానికేం తీసిపోదు. మా హాస్టల్ బ్యాచ్‌వాడొకడు ఇప్పుడు కొండాపూర్‌లో పద్నాలుగో అంతస్తులో ఉంటున్నాడు. డీప్ పర్పుల్ అనే ఇంగ్లీషు రాక్ బ్యాండ్ వాళ్ల 'మెషిన్ హెడ్' ఎల్పీ రికార్డు కొన్నాను, వినిపిస్తాను రమ్మని వాట్సాప్‌లో పిలుపు పంపాడు. కింద సూచనలు. సరిగ్గా ఐదింటికి రావలెను. ఫోన్లు ఆపివేయవలెను. పాట నడుస్తుండగా మాట్లాడరాదు. నూనె వస్తువులు ముట్టిన చేతులతో గదిలోకి రారాదు.

హార్డ్ రాక్‌కి మడి కట్టడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను.

చెప్పులు లిఫ్ట్ దగ్గరే విడిపించారు. లోపల ఆరుగురం, అందరం యాభై దాటినవాళ్లం, సోఫాల్లో మోకాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నాం. మావాడు ముందు ప్లేయర్ మీద మేస్త్రీల రసమట్టం లాంటిది పెట్టి, అది సమంగా కూర్చుందో లేదో చూశాడు. లేదట. ఒక కాలు కింద ఏదో తిప్పాడు. మళ్లీ చూశాడు. తర్వాత తెల్లటి చేతి తొడుగులు వేసుకుని రికార్డుని కవర్లోంచి బయటికి తీశాడు. బరువు 180 గ్రాములట. బంగారమైతే తులాల్లో చెప్పేవాడే. దాని మీద ఏదో చల్లాడు, మెత్తటి బ్రష్షుతో గుండ్రంగా తుడిచాడు, ఆ బ్రష్షుని ఇంకో బ్రష్షుతో తుడిచాడు. లేచి ఎడమ స్పీకరుని ఒక అంగుళం జరిపాడు. వచ్చి కూర్చుని, ఉసూరుమని లేచి అర అంగుళం వెనక్కి జరిపాడు. అప్పటికి ఐదూ ముప్పావు. సూది దించే ముందు మా వైపు తిరిగి కళ్లు సగం మూసి ఒకే ఒక్క మాటన్నాడు.

"వార్మ్‌త్ గమనించండి." శబ్దంలో వెచ్చదనమట.

ఏసీ 18లో ఉంది.

డిజిటల్‌లో ఆత్మ ఉండదని కూడా సెలవిచ్చాడు. అంతా అనలాగే అని నమ్మించి రికార్డులమ్మిన ఒక పేరున్న అమెరికా కంపెనీ తయారీలో మధ్యన డిజిటల్ కాపీ వాడుతోందని 2022లో బయటపడింది. అప్పటిదాకా వాటిలో ఆత్మని ప్రత్యక్షంగా దర్శించినవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. ఆ సంగతి నేను ఎత్తలేదు. మాట్లాడరాదు కదా.

అసలు విషయానికొస్తాను. ఈ ఆల్బమ్‌ని వీడూ నేనూ 1988లో వరంగల్ హాస్టల్లో ఒకే క్యాసెట్‌లో విన్నాం. చెరి సగం డబ్బులేసుకుని సికింద్రాబాద్‌లో ఒక చిన్న కొట్టులో నైంటీ క్యాసెట్ నింపించాం. ఏ సైడు 'మెషిన్ హెడ్', బి సైడు బ్లాక్ సాబత్ 'పారనాయిడ్'. కొట్టు భాయ్ దగ్గరున్నది కూడా కాపీయే, కాబట్టి మాది కాపీకి కాపీ. విన్నది ఎడమ స్పీకరు ఎప్పుడో పోయిన టూ ఇన్ వన్‌లో. కుడి పక్క ఏం వస్తే అదే మాకు డీప్ పర్పుల్. సెల్స్ డౌనైతే గాయకుడు ఇయాన్ గిలన్ కేక ఘంటసాల మంద్రంలోకి దిగేది. సెల్స్ తీసి మధ్యాహ్నం ఎండలో పెడితే సాయంత్రానికి మళ్లీ గిలన్ అయ్యేవాడు. రీలు చుట్టుకుపోతే పెన్సిలే గతి. ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. 'స్మోక్ ఆన్ ద వాటర్' పాటలో నీళ్ల మీద పొగ అంటే పొద్దున్నే మా హాస్టల్ వేణ్ణీళ్ల డ్రమ్ము గురించేనని ఖమ్మం నుంచి వచ్చిన ఒక సీనియర్ తేల్చేశాడు. రెండేళ్లు అదే నమ్మాం.

ఇంకో సంగతి. క్యాసెట్ ఒక్కో వైపు 45 నిమిషాలు, ఆల్బమ్ 37 చిల్లర. మిగిలిన టేపు ఖాళీగా పోనివ్వడం కొట్టు భాయ్‌కి ప్రాణం ఒప్పలేదు. రెండు బోనీ ఎమ్ పాటలు పడేశాడు. అందుకని మా బ్యాచ్‌లో ఎవడి చెవికైనా చివరి పాట 'స్పేస్ ట్రకింగ్' ముగిసిందంటే వెంటనే డిస్కో మొదలవ్వాలి. అది లేకపోతే ఆల్బమ్ అయిపోయినట్టే కాదు.

ఇంతకీ ఆ ఆల్బమ్ ఎలా తయారైందో మావాడికి తెలీక కాదు. కవర్ వెనక చదివి మాకు ఒప్పజెప్పింది వాడే. 1971 డిసెంబర్, స్విట్జర్లాండ్‌లో మాంత్రో. రికార్డింగ్ చేద్దామనుకున్న కాసినో ఫ్రాంక్ జప్పా కచేరీలో ఎవడో ఫ్లేర్ గన్ పేల్చడంతో కాలిపోయింది. చలికి మూసేసిన హోటల్లో, వరండాలో పరుపులు అడ్డం పెట్టుకుని, బయట రోలింగ్ స్టోన్స్ బ్యాండ్ వాళ్ల రికార్డింగ్ లారీలో టేపులు పెట్టుకుని వాయించారు. వాయించింది వినాలంటే గదులు దాటి, బాల్కనీలు దాటి ఆ లారీ దాకా పోవాలి. పోయి పోయి విసుగొచ్చి వినడమే మానేశారు! వాయించినవాళ్లే లేచి వెళ్లి వినడానికి బద్ధకించిన ఆల్బమ్ కోసం ఇక్కడ ఒకడు స్పీకరుని అర అంగుళం జరుపుతున్నాడు.

నా అభిప్రాయం అడిగితే (ఎవరూ అడగలేదు) ఆ ఏడు పాటల్లో గొప్పది 'లేజీ'. ముందుగా సింగిల్‌గా వదిలిన 'నెవర్ బిఫోర్' అన్నిట్లోకీ నాసిరకం. పొగ పాటని గిటార్ కొన్న ప్రతివాడూ మొదటి రోజే వాయించి చంపేశాడు గానీ, పాపం పాట తప్పేం లేదు.

సరే, 'హైవే స్టార్' మొదలైంది. నిజం చెప్పాలి, బాగుంది. రెండో చెవికి కూడా పాట ఉందని ముప్పై ఏడేళ్లకి తెలిసింది. అంతలో పక్క గది తలుపు తెరుచుకుని మావాడి కూతురు మంచినీళ్ల కోసం వచ్చింది. ఇంటర్ సెకండియర్. సీసా ఎత్తుకుంటూ ఫ్రిజ్ తలుపు మీద రెండు చూపుడు వేళ్లతో కొట్టింది. డ్రమ్మర్ ఇయాన్ పైస్ దెబ్బ ఎక్కడ పడిందో అక్కడే, ఒక్కటి తప్పలేదు. ఆ పాటని నిజంగా విన్నది మా ఆరుగురం కాదు, ఆ పిల్ల ఒక్కతే.

"లోపలికెళ్లమ్మా, మాక్ టెస్ట్ ఉంది కదా" అన్నాడు తండ్రి. నియమం ప్రకారం గుసగుసగా.

ఆ పిల్లకి ఒక డ్రమ్ సెట్ ఉండేది. పోయినసారి వచ్చినప్పుడు బాల్కనీలో చూశాను. ఏదిరా అని అడిగితే ఇంటర్ కదా, అమ్మేశాం అన్నాడు. ఆ డబ్బుతో ఏం కొన్నాడో కూడా చెప్పాడు, సిగ్గు లేకుండా. సూది. ఆ రికార్డు మీద నడుస్తున్న సూది. పైస్ ఆ డ్రమ్స్ వాయించినప్పుడు అతనికి 23 ఏళ్లురా వెధవా! పైగా గోడ మీద అద్దాల పెట్టెలో ఎవరిదో సంతకం ఉన్న గిటార్, దాన్నెవరూ ముట్టుకోకూడదు. పైగా బిస్కెట్ల దగ్గర ఉపన్యాసం, ఈ కాలం పిల్లలకి మ్యూజిక్ తెలీదని. తెలిసిన పిల్లని గదిలో పెట్టి తలుపేసింది ఎవడు?

మా క్యాసెట్ బి సైడులో ఉన్నాయన, బ్లాక్ సాబత్ గిటారిస్టు సంగతి వీడికి నేను గుర్తు చేయాలా? టోనీ అయోమీకి పదిహేడేళ్లప్పుడు, బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో, ఉద్యోగం ఆఖరి రోజున, మెషిన్ కింద కుడి చేతి రెండు వేళ్ల కొసలు పోయాయి. అతనిది ఎడమ చేతి వాటం, తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ఇక గిటార్ లేదనుకున్నాడు. అప్పుడు ఆ ఫ్యాక్టరీలో పైఅధికారి ఒకాయన ఒక రికార్డు వినిపించాడు. జాంగో రైన్‌హార్ట్‌ది, అగ్నిప్రమాదంలో రెండు వేళ్లు పనికిరాకుండా పోయినా గిటార్ వాయించినవాడిది. కుర్రాడు ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకి టోపీలు చేసుకున్నాడు. 1970 ఫిబ్రవరి 13న బ్లాక్ సాబత్ మొదటి ఆల్బమ్ వచ్చింది. ఆ పెద్దమనిషి కూడా రికార్డే పెట్టాడు. తెల్ల తొడుగులు వేసుకున్నాడో లేదో తెలీదు గానీ, కుర్రాణ్ణి లోపలికి పొమ్మనలేదు.

ఇదంతా అక్కడ అనలేదు. బిస్కెట్ తిన్నాను, అదీ నూనె లేనిదే.

రెండో వైపు అయింది. 'స్పేస్ ట్రకింగ్' ఆగింది. సూది ఖాళీ గాడిలో చిటపటలాడుతోంది, అందరూ తలలు దించుకుని మౌనం పాటిస్తున్నారు. నా గొంతులోంచి దానంతటదే బోనీ ఎమ్ బయటికొచ్చింది. ఐదుగురు తలలెత్తి చూశారు. మావాడు మాత్రం కళ్లు తెరవలేదు. కానీ వాడి కుడికాలి బొటనవేలు కదిలింది, సరిగ్గా తాళానికి. నేను చూశాను. నేను చూసినట్టు వాడికీ తెలిసింది.

వచ్చే నెల ఏసీ/డీసీ బ్యాండ్ వాళ్ల 'బ్యాక్ ఇన్ బ్లాక్' అట. నన్ను పిలవలేదు.