యీ సాన్ గారి దర్శనం

ఒక ఇంట్లో ఒక కోడలు కొరియన్ చారిత్రక సీరియల్ చూస్తోంది. ఏ ఇల్లు, ఏ కోడలు అని ఆరాలొద్దు, వ్యవహారం ఇంకా చల్లారలేదు. సీరియల్ పేరు 'ది రెడ్ స్లీవ్'. 2021 నవంబరులో ఎంబీసీ అనే కొరియన్ చానల్లో మొదలై 17 భాగాలు నడిచింది. హీరో లీ జున్‌హో, టూ పీఎం బృందంలో ఆడి పాడిన కుర్రాడు. ఇందులో ఆయన యీ సాన్, అంటే 1776 నుంచి 1800 దాకా జోసన్ రాజ్యాన్ని ఏలిన జోంగ్‌జో. ఈ వేషానికే 2022లో బెక్సాంగ్ ఉత్తమ నటుడి అవార్డు కొట్టేశాడు. కోడలికి ఆ రాజుగారి ఫొటో ఒకటి కావాల్సొచ్చింది.

నెట్‌లో బోలెడున్నాయి కదా అంటారు. అవి ఎవరో ఏరినవి. అభిమానికి కావలసింది ఫలానా భాగంలో ఫలానా నిమిషాన ఎడమ కనుబొమ్మ రవ్వంత లేచిన ఆ క్షణం. ఈ సీరియళ్లలో కనుబొమ్మకు అంత గిరాకీ ఊరికే రాలేదు. జుట్టంతా నడినెత్తిన ముడేసి, నుదుటి చుట్టూ గుర్రపు వెంట్రుకలతో అల్లిన మాంగోన్ పట్టీ బిగిస్తారు. ముంగురుల చాటు ఉండదు. నటన వస్తే కళ్లలో తెలిసిపోతుంది, రాకపోతే ఇంకా ముందే తెలిసిపోతుంది.

స్క్రీన్‌షాట్ తీస్తే కటిక నలుపు. నెలనెలా డబ్బు గుంజుకునే యాప్ తన వీడియోకు తాళం వేసుకుంటుంది. కొన్ని ఫోన్లలో కింద సబ్‌టైటిల్ మాత్రం పడుతుంది: రాజు లేడు, రాజుగారి మాట ఉంది. చరిత్రలో ఈ రాజుగారి ప్రేమను రెండుసార్లు కాదన్న అంతఃపుర పరిచారిక, సంగ్ వారమ్మాయి ఉంది. ఆమె పోయాక ఆ సంగతి ఆయనే రాసుకున్నాడు. రాణికే ఇంకా పిల్లల్లేరు, నేనెలా ఒప్పుకుంటానని ఆవిడ కారణమైనా చెప్పింది. యాప్ అదీ చెప్పదు.

ఇక మిగిలింది టీవీకే ఎదురుగా ఫోన్ పట్టి ఫొటో తీయడం. దగ్గర్నుంచి తీస్తే తెర చుక్కల వరసకూ ఫోన్ సెన్సర్ చుక్కల వరసకూ పొత్తు కుదరక ముఖం మీద వానవిల్లు చారలు తేలతాయి. వెనక్కి జరిగి రెండింతల జూమ్ పెట్టాలి. నల్లటి అడ్డపట్టీలు వస్తే షట్టర్ వేగం 1/30కి దించాలి. అంత నెమ్మదైతే చెయ్యి వణుకుతుంది, మోచేతులు దేనికైనా ఆన్చాలి. ముఖం మీద వేలు నొక్కిపెట్టి ఫోకస్ కదలకుండా కట్టేయాలి. యాప్‌ను ఆపితే ముందు బొత్తాలన్నీ రాజు మీద వాలతాయి. అవి తప్పుకున్న కాసేపటికి బొమ్మను మసకచేసి, రొమ్ము మీది ఐదు గోళ్ల డ్రాగన్ మీదుగా కథాసారాంశం అచ్చేస్తుంది. కథ తెలియకుండానే అంతదాకా చూశామని దాని ఉద్దేశం కాబోలు. ఆ రెంటి మధ్య దొరికేదే ముహూర్తం.

అన్నిటికన్నా పెద్ద తగువు ప్రతిబింబం. రాజమందిరం లోపల వెలుతురు తక్కువ, తలపాగా నలుపు, వెనకంతా చీకటి. తెర అద్దమైపోతుంది. రాజుగారి పక్కన, మహారాణి ఉండాల్సిన చోట, నైటీలో మనం, మన వెనక ఆరేసిన తువ్వాళ్లు. అందుకని లైట్లార్పి, కర్టెన్లు మూసి, తెర కింది అంచుకన్నా దిగువకు వంగాలి. అక్కణ్నుంచి పైకి చూస్తే అద్దంలో మనం పడం, వెనక గోడ పైభాగం పడుతుంది. అంటే మోకాళ్లు నేల మీద, మోచేతులు నేల మీద, తల ఎత్తీ ఎత్తకుండా, రెండు చేతులా ఫోన్. జోసన్ మంత్రులు కొలువులో సరిగ్గా ఇలాగే ఉంటారు, ఫోన్ ఒక్కటే తేడా.

మావయ్యగారు నడక నుంచి అరగంట ముందే వచ్చేశారు.

ఆయన్ని తప్పుపట్టలేం. ఆ ఇంట్లో ఆ టీవీలో తెల్లారి లేస్తే భక్తి చానలే. ఇప్పుడు హాలంతా చీకటి, తెర మీద దీపాలు, ఎర్రటి పట్టువస్త్రం, భుజభుజానికీ బంగారు జరీ, తల మీద రెక్కల కిరీటం లాంటిది. సింహాసనం వెనక తెర మీద ఓ పక్క సూర్యుడు, ఓ పక్క చంద్రుడు, మధ్యలో కొండలు. జోసన్ రాజులందరి వెనకా ఉండే బొమ్మే అది. శిఖరాలు ఐదే, కానీ గుమ్మంలో నిలబడి కొండలు లెక్కపెట్టే అలవాటు ఎవరికుంటుంది? కింద కోడలు సాష్టాంగపడి ఉంది, పెళ్లయ్యాక తొలిసారి. ఆయన చెప్పులు గబగబా బయటే వదిలి, గొంతు తగ్గించి అడిగారు.

"ప్రత్యక్ష ప్రసారమా అమ్మా?"

జవాబు చెప్పాలంటే లేవాలి, లేస్తే నైటీ తెరలో పడుతుంది. "అవునండి" అన్న మాట ఎవరి నోట్లోంచి వచ్చిందో తెలీదు. కంగారులో బొటనవేలు ఫోన్ తెరకు తగిలి ఫోకస్ తాళం ఊడింది. తలుపు తీసే ఉంది, వరండా లైటు సూటిగా లోపలికి. వంగినవాళ్లు అద్దంలో పడరు గానీ, వెనక నిటారుగా నిలబడ్డవాళ్లు నిక్షేపంగా పడతారు. క్లిక్‌మంది.

ఫొటోలో రాజుగారు మసక. ఆయన తలపాగా ఉండాల్సిన చోట మావయ్యగారు, చేతులు జోడించి, కళ్లు మూసుకుని, మంకీ క్యాప్ కుట్టుతో సహా స్పష్టంగా వచ్చారు.