తగు చర్యల కొరకు పుటప్ చేయడమైనది

ఇంగ్లీషువాళ్లు పుట్, అప్ అనే రెండు ముక్కల్ని కలిపి గోడకు పటం తగిలించడానికో, వచ్చిన చుట్టాన్ని నాలుగు రోజులు ఇంట్లో ఉంచుకోవడానికో వాడుకుంటున్నారు, పాపం. దాని అసలు సత్తా తెలియాలంటే మన కలెక్టరేట్‌లో ఏదో ఒక సెక్షన్ ముందు ఓ పూట నిలబడాలి.

"మీ ఫైలు పుటప్ చేశామండీ." పని జరిగిందని ఉంది ఇందులో, అయిపోయిందని లేదు. జూనియర్ అసిస్టెంటు నోట్ రాసి సూపరింటెండెంటుకు పుటప్ చేస్తాడు, ఆయన పొట్టి సంతకం పెట్టి పరిపాలనాధికారి ఏవో గారికి, ఆయన జిల్లా రెవెన్యూ అధికారి డీఆర్వో గారికి, అలా ఎక్కీ ఎక్కీ చివరికి పెద్దాయన దగ్గరికి వెళితే ఆయన 'ఎగ్జామిన్ అండ్ పుటప్' అని రాస్తారు, ఫైలు మళ్లీ జూనియర్ అసిస్టెంటు బల్ల మీదికి దిగుతుంది. అందరూ పనిచేశారు. తేల్చినవాడు లేడు, తప్పుపట్టడానికి ఒక్కడూ దొరకడు. బాధ్యతను ఇంత న్యాయంగా పంచిపెట్టిన క్రియ ఇంకెక్కడైనా ఉంటే చెప్పండి. (చివర విత్ చేరిస్తే భరించడం అని అర్థమట. ఆ ముక్క అర్జీదారుడి వాటా.)

1966లోనే అధికార భాషా చట్టం వచ్చింది కదా, తెలుగులో రాయరా అంటారేమో. రాస్తారు. 'ఫైలు సమర్పించడమైనది, తగు చర్యలు తీసుకొనబడును.' ఎవరు సమర్పించారు, ఎవరు తీసుకుంటారు, ఎప్పుడు? కర్తను మాయం చేయడంలో మన ఆఫీసు తెలుగు ఇంగ్లీషును ఎప్పుడో దాటేసింది.

సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడిగితే 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇస్తారు కూడా: 'తమరి అర్జీ పుటప్ చేయడమైనది.' ఫైలు మీద ఎవరేం రాశారో చూపే నోట్ ఫైలు కూడా అడగొచ్చని కేంద్ర సమాచార కమిషన్ 2006లోనే తేల్చింది కదా అని ఆశగా ఆ కాపీలు తెప్పించుకుంటే, పేజీల నిండా పొట్టి సంతకాలు, కింద తేదీలు.

ఇప్పుడు ఫైళ్లు కంప్యూటర్లో నడిచే ఈ-ఆఫీస్ వచ్చింది, ఎర్రదారం కట్టలు తగ్గాయి. వెనకటికి ఫైలు ఎవరి బల్ల మీదుందో కళ్లకు కనబడేది, అటెండరును మంచి చేసుకుంటే కట్టలో అడుగున ఉన్నది పైకొచ్చేది. ఇప్పుడేమో "సార్ లాగిన్‌లో ఉందండీ" అంటారు. లాగిన్‌కు టీ తాగించడం ఎలాగో ఎవరూ చెప్పరు.

ఈలోగా బదిలీలు మొదలవుతాయి. కొత్తగా వచ్చిన సార్ చాలా పద్ధతి గల మనిషి, అన్నీ స్వయంగా చూస్తే గానీ సంతకం పెట్టరట. అందుకే ఫైలు మొదటి నుంచి మళ్లీ పుటప్ చేయమన్నారు.